మట్టి త్రవ్వడానికి సముద్రాలు దాటాలా?

కళాశాల వార్షిక సంచికకు వ్యాసం వ్రాయుమని సంపాదకవర్గం వారు కోరినపుడు, తెలుగు ఉపన్యాసకుడైనవాడు ఒక ప్రబంధాన్ని గురించో ఒక శతకకవిని గురించో వ్రాయడం ఆచారం. ఈ ఏడు నేను ఆ ఆచారాన్ని అతిక్రమిస్తున్నాను. కారణం ఒక్కటే. ఒక తండ్రి నన్నడిగిన ప్రశ్నకు నేను సమాధానం బాకీపడి ఉన్నాను. ఆ బాకీని ఈ పుటలలో, విద్యార్థుల ఎదుట, కళాశాల కమిటీ పెద్దల ఎదుట తీర్చుకోదలచాను.

కొన్నేళ్ళ క్రిందటి మాట. బి.ఏ. చివరి సంవత్సరం చదువుతున్న విద్యార్థి ఒకడు ఒక ఉత్తరం పట్టుకొని మా గదికి వచ్చాడు. మధ్యధరా సముద్ర తీరాన ఒక విదేశీ విశ్వవిద్యాలయం వారు నడుపుతున్న పురావస్తు త్రవ్వకంలో నాలుగు వారాలపాటు శిక్షణార్థిగా చేరడానికి అతనికి అనుమతి లభించింది. విమానపు ఖర్చు, శిబిరంలో వసతికీ శిక్షణకూ కట్టవలసిన రుసుము మాత్రం అతడే భరించుకోవాలి. ఆ పిల్లవాని ముఖంలోని వెలుగు నాకింకా గుర్తున్నది. మరునాడు అతని తండ్రి వచ్చాడు. పదిహేడేళ్ళు గల్ఫ్‌లో పనిచేసి తిరిగి వచ్చిన మనిషి. భవనాలకు పునాదులు, నీటి గొట్టాలకు కాలువలు త్రవ్విన చేతులు అవి. కుర్చీ చూపించినా కూర్చోలేదు. నిలబడే ఇట్లా అన్నాడు:

"సార్, నేను అన్నేళ్ళు ఎడారిలో మట్టి తవ్వింది మా పిల్లగాడు తవ్వొద్దనే గదా! డబ్బు తీసుకొని తవ్వితే కూలి అన్నారు. డబ్బు కట్టి తవ్వితే చదువంటారా? మట్టి తవ్వడానికి సముద్రాలు దాటాలా, సార్?"

నేను ఏమో గొణిగాను. అది సమాధానం కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. గడువు తేదీ దాటిపోయింది. విద్యార్థి వెళ్ళలేదు. నేడు అతడొక దుకాణంలో లెక్కలు వ్రాస్తున్నాడు. అది గౌరవప్రదమైన వృత్తియే, దానిని నేను తక్కువ చేయను. కాని ఆనాడు నేను నోరు విప్పగలిగి ఉంటే అతని దారి మరొకటి అయ్యేదేమో అన్న చింత నన్ను వదలలేదు. అందుకే ఈ వ్యాసం.

ముందుగా త్రవ్వకమంటే ఏమిటో చెప్పుకొందాము. అది నిధి కోసం నేలను పెళ్ళగించడం కాదు. పాతిపెట్టిన బిందెల కోసం అర్ధరాత్రి గుడి గోడలు త్రవ్వే దొంగలకూ పురావస్తు శాస్త్రజ్ఞునికీ ఉన్న భేదం పనిముట్టులో లేదు, నమోదు పుస్తకంలో ఉన్నది. నేలను చతురస్రాలుగా కొలిచి, నడుమ గట్లు విడిచిపెట్టి, ఒక్కొక్క పొరను అది ఏర్పడిన క్రమానికి తలక్రిందుగా, అనగా చివర పడినదానిని ముందుగా, విడదీస్తూ పోవడమే త్రవ్వకం. గడ్డపార అరుదుగా ఆడుతుంది. ఎక్కువ పని మన తాపీమేస్త్రీ చేతిలో ఉండేటటువంటి చిన్న తాపీతోను, కుంచెతోను జరుగుతుంది. త్రవ్విన మట్టిని జల్లెడ పడతారు. కొంత మట్టిని నీటిలో కలిపి, తేలివచ్చే మాడిన గింజలను వడగడతారు. ఆనాటి వారు తిన్నది వరియా, కొర్రలా అన్నది ఆ గింజలే చెబుతాయి. వేడి దేశాలలో పని తెల్లవారకముందే ఆరంభమై మధ్యాహ్నానికి ముగుస్తుంది. తరువాత కుండపెంకులు కడగడం, ఆరబెట్టడం, వాటిపై సంఖ్యలు వేయడం, పొరల చిత్రాలు గీయడం. నాలుగు వారాలలో విద్యార్థికి ఒక్క బంగారు నాణెం కూడా కనబడకపోవచ్చు. కాని ఒక పొరను ఒకసారి త్రవ్వితే దానిని మరల త్రవ్వలేము. కనుక చూచింది చూచినట్లు వ్రాయవలె అన్న శిక్షణ అతనికి లభిస్తుంది. ఏ గ్రంథమూ ఈ శిక్షణ ఇవ్వజాలదు.

ఈ శిక్షణ మన దేశంలో ఒక పద్ధతిగా నాటుకొన్న కథ ఆసక్తికరమైనది. 1944లో భారత పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్‌గా వచ్చిన మార్టిమర్ వీలర్, ఆ ఏడాదే తక్షశిలలో ఒక శిక్షణా శిబిరం తెరిచాడు. దేశం నలుమూలల నుండి యువకులు అక్కడ చేరి, ఒకే కందకంలో దిగి, ఒకే పొరను గురించి వాదించుకొన్నారు. వారు వెళ్ళినపుడు తక్షశిల స్వదేశం. మూడేళ్ళు తిరగకుండా అది విదేశమైనది! ఆ శిబిరంలో తాపీ పట్టిన విద్యార్థులలో ఒకడైన బి.బి.లాల్ 1961–62లో ఈజిప్టు దేశపు నూబియా ప్రాంతంలో, అఫియే అనే చోట భారతీయ త్రవ్వకపు బృందానికి నాయకత్వం వహించాడు. అస్వాన్ ఆనకట్ట నీటిలో మునిగిపోనున్న పురాతన స్థలాలను కాపాడుమని 1960లో యునెస్కో చేసిన విజ్ఞప్తికి మన దేశం ఇచ్చిన ప్రతిస్పందన అది. ఆ పండితుని తరువాతి కాలపు సిద్ధాంతాలతో విభేదించేవారు అనేకులున్నారు. విభేదించవచ్చు. కాని ఆ విభేదం నిలవాలన్నా పొరలను చదవగలవారే కావాలి. కేకలతో అది నిలవదు. ఈ మాటను మన విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసి ఉన్నది. నేలక్రింద ఏమున్నది అన్న ప్రశ్న న్యాయస్థానాల దాకా, వీధుల దాకా వచ్చిన దేశంలో మనం జీవిస్తున్నాము. ఇటువంటి దేశంలో త్రవ్వకపు నివేదికను చదివి, ఇందులో తీర్మానానికి తగిన సాక్ష్యం ఉన్నదో లేదో తేల్చగలిగిన వాడు ఏ సమాజానికైనా పెద్ద ఆస్తి. మన సమాజంలో అటువంటివారు ఎందరున్నారు?

నూబియా కథకు మన తెలుగునేలతో దగ్గరి చుట్టరికం ఉన్నది. ఈజిప్టు వారు తమ ఆలయాలను గురించి ఆందోళన పడడానికి ముందే, కృష్ణానదిపై నాగార్జునసాగరం కట్టబోతున్నామని తెలిసి, 1954 నుండి 1960 వరకు డాక్టర్ ఆర్.సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో నాగార్జునకొండ లోయనంతటినీ గాలించారు. పాతరాతియుగపు పనిముట్ల నుండి ఇక్ష్వాకుల విహారాల దాకా అక్కడ బయటపడినవి. కొన్ని కట్టడాలను ఇటుక ఇటుకా విప్పి కొండమీదికీ అనుపు గట్టుకూ తరలించి మరల నిలిపారు. ఆ స్థలాన్ని 1926లో మొదట గుర్తించినది శాసన శాఖలో సహాయకుడుగా ఉండిన ఎ.రంగస్వామి సరస్వతి. ఒక చిరుద్యోగి కన్ను ఒక మహానగరాన్ని కనుగొన్నది. చూడడం నేర్చిన కన్నుకు పదవి అవసరం లేదు.

ఇక మన నేలకు పరాయి దేశపు విద్యార్థులు ఎట్లా వచ్చారో చూడండి. ఇంగ్లండు నుండి రేమండ్ ఆల్చిన్ అనే యువకుడు 1950 దశకం ఆరంభంలో పరిశోధక విద్యార్థిగా హైదరాబాదు రాష్ట్రంలోని రాయచూరు ప్రాంతానికి వచ్చి, ఎండలో దిబ్బలన్నీ తిరిగాడు. 1957లో అప్పటి మహబూబునగరు జిల్లాలోని ఉట్నూరులో ఒక బూడిదదిబ్బను త్రవ్వాడు. ఇటువంటి దిబ్బలను జనం రాక్షసులను దహించిన చోట్లని చెప్పుకొనేవారు. అగ్నిపర్వతపు బూడిద అన్నవారూ ఉన్నారు. ఆల్చిన్ త్రవ్వకంలో పశువుల గిట్టల ముద్రలు కనబడినవి. అది కొత్తరాతియుగంలో పశువులను కట్టిన దొడ్డి. పోగుపడిన పేడ మరల మరల కాలగా ఏర్పడిన బూడిద అది. నాలుగువేల ఏళ్ళ క్రిందటి ఆవు తన గిట్టతో ఒక వివాదాన్ని తీర్చినది! మన కాలానికి వస్తే, నేటి నంద్యాల జిల్లాలోని జ్వాలాపురంలో మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ కలిసి నడిపిన త్రవ్వకంలో, సుమారు 74,000 ఏళ్ళ నాడు సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం చిమ్మిన బూడిద పొర బయటపడినది. ఆ పొరకు క్రిందా రాతి పనిముట్లున్నవి, పైనా ఉన్నవి. అంతటి ఉత్పాతాన్ని కూడా మానవుడు దాటుకొని ఉండవచ్చునన్న వాదం 2007లో ప్రపంచ విజ్ఞాన పత్రికలకు ఎక్కినది. హంపీ శిథిలాలను కొలిచి చిత్రించడానికి 1980 నుండి ఏళ్ళ తరబడి, జాన్ ఫ్రిట్జ్, జార్జ్ మిషెల్ గారల శిబిరానికి అనేక దేశాల యువతీయువకులు వచ్చి గుడారాలలో ఉన్నారు. వారి తల్లిదండ్రులు కూడా మన తండ్రి అడిగిన ప్రశ్నే అడిగి ఉంటారు. అయినా పంపారు. ఫలితంగా మన రాళ్ళను గురించి మనకు తెలియనిది వారికి తెలిసినది.

మన రాళ్ళు కూడా ప్రయాణం చేసినవి. అమరావతి స్తూపపు పలకలను 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వి తీయించాడు. తరువాత అవి ఓడలెక్కి లండన్ చేరినవి. నేటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి. మన పొరుగున సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో బయటపడిన తోరణ శిల్పాలు 2023లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు వెళ్ళి వచ్చినవి. రాయి సముద్రం దాటినది. కూలి సముద్రం దాటినాడు. విద్యార్థి మాత్రం దాటరాదా?

"పరదేశపు మట్టిలో మనకేమున్నది?" అని కొందరు అడుగుతారు. ఉన్నది. ఎర్రసముద్రపు ఒడ్డున ఈజిప్టులో బెరెనికే అనే పురాతన రేవు ఉన్నది. అక్కడ 1994 నుండి త్రవ్వకాలు జరుగుతున్నవి. 1999లో ఒక దేవాలయంలో పాతిపెట్టిన మన దేశపు జాడీ దొరికినది. అందులో 7.55 కిలోల మిరియాలు! 2022లో అదే చోట చలువరాతి బుద్ధవిగ్రహం దొరికినది. దానితోపాటు ప్రకటించిన వస్తువులలో శాతవాహనుల నాణేలు రెండు ఉన్నవి. కోటిలింగాల, పెద్దబంకూరు దిబ్బలలో మన రైతులకు దొరికే నాణేలకు చుట్టాలు అవి! రెండు తెరచాప స్తంభాల ఓడను నాణెంపై ముద్రించుకొన్న ఆ రాజుల కాలపు డబ్బు సముద్రం దాటి, ఒక పరాయి దేవళంలో నిలిచి, రెండువేల ఏళ్ళు వేచి ఉన్నది. దానిని మట్టిలోనుండి ఎత్తిన చెయ్యి తెలుగువానిది అయి ఉంటే ఎంత బాగుండేది! ఎత్తకపోయినా ఫరవాలేదు. దానిని చూడగానే "ఇది మా కరీంనగరు నాణెం" అని గుర్తుపట్టగల విద్యార్థి ఒకడు ఆ కందకం గట్టున ఉండవలసినది.

ఉర్దూ, తెలుగు రెండూ బోధించే మన కళాశాల విద్యార్థికి మరొక సౌకర్యం ఉన్నది. అదే ఎర్రసముద్ర తీరాన కుసైర్ అల్ కదీమ్ అనే చోట షికాగో విశ్వవిద్యాలయం వారు 1978 నుండి 1982 వరకు త్రవ్వారు. పదమూడవ శతాబ్దపు వర్తకుని ఇల్లు ఒకటి బయటపడినది. అందులో చిరిగిన కాగితాలపై అరబ్బీ లిపిలో వ్యాపారపు ఉత్తరాలు: ఎంత ధాన్యం పంపినారు, ఎంత పిండి అందినది అన్న లెక్కలు. ఉర్దూ చదివిన మన పిల్లలకు కుడినుండి ఎడమకు సాగే ఆ లిపి అపరిచితం కాదు. భాష వేరు, నిజమే. దానిని శ్రమించి నేర్వవలసినదే. కాని అక్షరం ముందే చేతిలో ఉన్నవానికి సగం దూరం తగ్గినట్లే. మన పిల్లలు ఇంట్లో అప్రయత్నంగా నేర్చిన ఈ విద్య ప్రపంచ విద్వత్తులో ఎంత విలువైనదో వారికి ఎవరూ చెప్పలేదు.

ఇది మనవారికి కొత్త దారి కూడా కాదు. 1914లో హైదరాబాదు సంస్థానంలో పురావస్తు శాఖ ఏర్పడినపుడు దాని అధిపతి గులాం యజ్దానీ. ఆయన తన జీవితంలో పెద్ద భాగాన్ని అజంతా బౌద్ధ చిత్రాలకు అంకితం చేశాడు. వాటిని గురించి నాలుగు సంపుటాల మహాగ్రంథం వెలువరించాడు. మెదక్ ప్రాంతపు కొండాపురంలో 1940–41లో శాతవాహన నగరాన్ని త్రవ్వించాడు. "ఇది మన మతం వారిది కాదు" అన్న తలంపు ఆయన దరి చేరలేదు. చేరి ఉంటే అజంతాకు అంతటి సేవ జరిగేది కాదు. గతం ఏ ఒక్కరి సొత్తూ కాదు. దానిని శ్రద్ధగా చూచేవారందరిదీ. ఈ మాటను ప్రసంగాలలో చెప్పడం సులభం. యజ్దానీ దానిని పని చేసి చూపించాడు.

ఆడపిల్లల సంగతి ఏమిటని అడిగేవారికి కూడా ఒక మాట. జెరికోలో 1952 నుండి 1958 వరకు త్రవ్వకాలు నడిపినది కాథ్లీన్ కెన్యన్ అనే స్త్రీ. మన దేశానికి చెందిన దేబలా మిత్ర 1962లో నేపాల్ తరాయిలో తిలౌరాకోట్ త్రవ్వకాలకు నాయకత్వం వహించినది. తరువాత భారత పురావస్తు శాఖకే డైరెక్టర్ జనరల్ అయినది. కావున ఈ వ్యాసంలో విద్యార్థి అన్నచోటనెల్లా విద్యార్థినిని కూడా గ్రహించవలసినదిగా మనవి.

ఇంత చెప్పినా ఆ తండ్రి ప్రశ్నకు ఇంకా సమాధానం కాలేదు. నిజానికి ఆ ప్రశ్నకు సమాధానం ఆయన వద్దనే నేర్చుకొన్నాను.

గత సంవత్సరం శీతాకాలంలో ఒక ఆదివారం నాడు ద్వితీయ సంవత్సరం విద్యార్థులను నేలకొండపల్లికి తీసుకొనిపోయాను. భక్త రామదాసుగా లోకం కొలిచే కంచెర్ల గోపన్న పుట్టిన ఊరు అది. మన మధిర నుండి ఒక పూటలో పోయి రావచ్చు. ఊరి చెంత విశాలమైన మట్టికోట ఉన్నది. ముజ్జుగూడెం వద్ద మహాస్తూపం ఉన్నది. విరాటరాజు కొలువు ఇదేనని, కీచకుడు చచ్చిన చోటు ఇదేనని జనం చెప్పుకొంటారు. త్రవ్వకాలు జరిపినప్పుడు బౌద్ధస్తూపం, విహారాల అవశేషాలు బయటపడినవి. జనం కథ అబద్ధమని నేను విద్యార్థులకు చెప్పలేదు. కథ జనం హృదయంలోని పొర, ఇటుక నేలలోని పొర. రెండింటినీ కలపకుండా దేనికదిగా నమోదు చేయండని చెప్పాను. ఆ ప్రయాణానికి నా ఆహ్వానం మీద ఆ తండ్రి కూడా వచ్చాడు. వానలకు మట్టిగట్టు ఒకచోట నిట్టనిలువుగా కోసుకొనిపోయి ఉన్నది. పిల్లలందరూ స్తూపం దగ్గర ఫోటోలు తీసుకొంటుండగా ఆయన ఆ కోత ఎదుట గొంతుకు కూర్చొని చాలాసేపు చూచాడు. తరువాత నన్ను పిలిచి వేలితో ఒక గీత వెంబడి చూపిస్తూ అన్నాడు:

"సార్, ఈ గీత కింద ఉన్నది అసలు నేల. పైన ఉన్నది తెచ్చి పోసిన మట్టి. అది కూడా ఒక్కసారి పోసింది కాదు. ఇక్కడిదాకా పోసి ఆపినారు. కొన్నాళ్ళు ఎండింది, తొక్కుడుపడ్డది. మళ్ళీ పోసినారు."

ఎం.ఏ. పట్టా చేతిలో ఉన్న నాకు ఆ గీత కనబడలేదు! ఆయన చూపిన తరువాత కనబడినది. రంగులో వెంట్రుకవాసి తేడా, గట్టిదనంలో తేడా. వీలర్ తక్షశిలలో నెలల తరబడి నేర్పినదేమి? ఈ గీతను చూడడమే గదా! పదిహేడేళ్ళు పునాదులు త్రవ్విన ఆ మనిషికి ఆ విద్య చేతులలోనే ఉన్నది. లేనిదల్లా దానిని వ్రాసుకొనే పుస్తకం. అతనికి ఆ పుస్తకం ఎవరూ ఇవ్వలేదు. త్రవ్వకపు నివేదికలలో నాయకుని పేరు అచ్చవుతుంది. తట్ట మోసినవాని పేరు అరుదుగా అచ్చవుతుంది. 1984–85లో మన దేశపు పురావస్తు బృందం బహ్రెయిన్‌కు వెళ్ళి అక్కడి పురాతన సమాధి దిబ్బలను త్రవ్వినది. ఆ రోజులలోనే అదే గల్ఫ్ తీరాన మన జిల్లాలవారు వేరే కందకాలలో దిగి ఉన్నారు. ఈ రెండు కందకాల మధ్య ఉన్న దూరమే మన వెనుకబాటుతనపు కొలత.

కావున ఆ తండ్రికి నా సమాధానం ఇది: "భాయ్, నీ కొడుకు నీవు చేసిన పనినే చేయడానికి వెళ్ళడు. నీవు చూచి వదలివేసినదానిని వ్రాసి తీసుకొని రావడానికి వెళతాడు. కూలికీ చదువుకూ మధ్య తేడా డబ్బు ఎవరు ఎవరికి కట్టారన్నది కాదు. సాయంత్రానికి చేతిలో ఏమి మిగిలినదన్నది."

హైదరాబాదు సమీపాన కీసరగుట్టమీద ఒక బండపై సుమారు అయిదవ శతాబ్దపు తెలుగు మాట ఒకటి చెక్కి ఉన్నది: తొలుచువాణ్డ్రు. అనగా రాతిని తొలిచేవారు. తెలంగాణపు నేలమీద మనకు దొరికిన అతి ప్రాచీనమైన తెలుగు మాటలలో అది ఒకటి. అది రాజు పేరు కాదు, దేవుని పేరు కాదు, పనివారి పేరు! ఆ పనివారిలో అక్షరం తెలిసినవాడు ఉన్నాడు గనుకనే ఆ మాట మనదాకా వచ్చినది. పనిముట్టు, అక్షరం ఒకే చేతిలో ఉండాలన్న నా వాదానికి ఇంతకంటె పాత సాక్షి అక్కరలేదు.

ఇక ఆచరణకు వద్దాము. ముందుగా విద్యార్థులకు కొన్ని హెచ్చరికలు. మన దేశంలో ప్రభుత్వపు అనుమతి లేనిదే ఎవరూ త్రవ్వరాదు. కావున ఉత్సాహం పట్టలేక మీ చేను గట్టున ఉన్న దిబ్బను పార పట్టుకొని త్రవ్వకండి. అది నేరము, అంతకుమించి నష్టము. చూడండి, కొలవండి, చిత్రించండి; దొరికినదానిని దొరికినచోటనే ఉంచి అధికారులకు తెలుపండి. విదేశపు త్రవ్వకాలలో అనేకం పద్దెనిమిది ఏళ్ళు నిండినవారిని, పూర్వానుభవం లేకున్నా, శిక్షణార్థులుగా చేర్చుకొంటాయి. అమెరికాలోని పురావస్తు సంస్థ ఏటేటా అటువంటి అవకాశాల పట్టికను ప్రకటిస్తుంది. అయితే దరఖాస్తు పంపేముందు నాలుగు సంగతులు విచారించండి: త్రవ్వకం వెనుక ఏ విశ్వవిద్యాలయం ఉన్నది, ఆ దేశ ప్రభుత్వపు అనుమతి ఉన్నదా, నాయకుడు ఇదివరకు నివేదికలు ప్రకటించాడా, రుసుములో ఏమేమి కలిసి ఉన్నవి. ఈ నాలుగింటికి సూటిగా జవాబు ఇవ్వనివారికి ఒక్క రూపాయి కూడా పంపవద్దు. వీసాకు ఎంతో ముందుగా ప్రయత్నించాలి. అక్కడ దొరికిన గాజుపూస నైనా జేబులో వేసుకొనరాదు. ఆ పూస ఆ దేశానిది. మీది దానిని గురించిన జ్ఞానం మాత్రమే.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపాలు మూడు. మొదటిది: ప్రతి సంవత్సరం ఒక తరగతిని నేలకొండపల్లికో, పినపాక అడవులలో జానంపేట రాకాసిగుళ్ళకో పంపించండి. దీనికి అయ్యే ఖర్చు ఒక బస్సు, ఒక పూట భోజనం. చేతిలో ఉన్నదానిని చూడనివానికి దూరపుది కనబడదు. రెండవది: రెండేళ్ళకు ఒక్క విద్యార్థినైనా, విద్యార్థినినైనా, ఒక విదేశపు త్రవ్వకానికి పంపడానికి ఒక నిధి ఏర్పరచండి. ఈ రుసుములను కలవారి పిల్లలు మాత్రమే కట్టగలరన్న విమర్శ న్యాయమైనదే. అందువలననే నిధి కావాలి. పూర్వ విద్యార్థులలో గల్ఫ్‌లో ఉన్నవారు చాలామంది ఉన్నారు. వారిని అడిగి చూడండి. మట్టి విలువ తెలిసినవారు కాదనరని నా నమ్మకం. మూడవది: వెళ్ళి వచ్చినవారు తాము చూచినదానిని తెలుగులోను ఉర్దూలోను ఈ సంచికలో వ్రాయాలని నియమం పెట్టండి. ఒకరు చూచినది నలుగురికి చేరకపోతే ఆ ఖర్చు ఒక విహారయాత్ర ఖర్చు అవుతుంది.

"ఇంజనీరింగుకో, కంప్యూటరుకో పెట్టవలసిన డబ్బును పెంకుల మీద పెడతారా?" అని అడిగే పెద్దలుంటారు. ఆ చదువులను నేను వద్దనను. త్రవ్వకం నుండి వచ్చిన ప్రతి విద్యార్థీ పురావస్తు శాస్త్రజ్ఞుడు అవుతాడని కూడా నేను హామీ ఇవ్వను. బహుశః పదిమందిలో ఒకడు అవుతాడేమో. కాని తక్కిన తొమ్మిదిమంది ఎక్కడ ఉన్నా, ఎవరైనా గతాన్ని గురించి గట్టిగా కేక వేసినపుడు, "ఏ పొరలో దొరికినది? ఎవరు వ్రాసి ఉంచారు?" అని నెమ్మదిగా అడిగేవారవుతారు. అటువంటి పౌరులను పదిమందిని తయారుచేసిన కళాశాల తన ఖర్చును తిరిగి రాబట్టుకొన్నట్లే.

నేలకొండపల్లి నుండి తిరిగి వచ్చేటపుడు బస్సులో ఆ తండ్రి కిటికీ ప్రక్కన కూర్చున్నాడు. దారి పొడవునా రోడ్డు వెడల్పు చేయడానికి కోసిన గట్లను చూస్తూ వచ్చాడు. మధిరలో దిగేముందు నాతో, "సార్, మా చిన్నవాడు ఇంటర్ చదువుతున్నాడు. వాడికి ఆ ఉత్తరం ఎట్లా రాయాలో చెప్తారా?" అన్నాడు.

చెబుతానన్నాను. ఈసారి గొణగలేదు.